కింది నుంచి వచ్చే చలి

సంధ్య మొదటిసారి అడవిలో పడుకుని వచ్చిన ఆదివారం, ఇంటికి చేరగానే బూట్లు కూడా విప్పకుండా గ్యాస్ పొయ్యికి వీపు తిప్పి నిలబడింది. పొయ్యి మీద సర్వపిండి కాలుతోంది. తల్లి పద్మారాణి చేతిలోని అట్లకాడ పక్కన పెట్టి కూతురి వైపు చూసింది.

"ఏమైంది బిడ్డా?"

"కుఛ్ నహీ అమ్మా. రాత్రి మస్తు సలి పెట్టింది. గంతే."

"గంత మందం సంచి కొనుక్కున్నవు గదా పండుకునేటందుకు. అండ్ల దూరలేదా?"

"దూరిన. పైనంత వెచ్చగనే ఉన్నది. వీపే ఐసు లెక్క అయింది. తెల్లారేదాక ఇటు దొర్లుడు, అటు దొర్లుడు. నిద్రే రాలే."

పద్మారాణి కూతురి చొక్కా కింద చెయ్యి పెట్టి వీపు తడిమింది. మధ్యాహ్నం పన్నెండు దాటినా నడుము దగ్గర ఇంకా చల్లగానే తగిలింది, లేదా ఆమెకు అలా అనిపించింది.

సంధ్యకు ఇరవై ఆరేళ్లు. బతుకుదెరువుకు ఊరు వదిలి వచ్చిన తల్లిదండ్రులకు సూరత్‌లోనే పుట్టింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. అక్కడ పనిచేసేవాళ్లు ఎనిమిది మంది కలిసి, ఆ శీతాకాలం నుంచి నెలకోసారి డాంగ్ అడవులకు వెళ్లాలని అనుకున్నారు. వాళ్లు టెంట్లు వేసుకోరు. రెండు చెట్ల మధ్య హామక్ కట్టుకుని అందులోనే పడుకుంటారు. మంచు పడకుండా పైన ఒక తార్పాలిన్ ఉంటుంది. పద్మారాణికి హామక్ అనే మాట నోరు తిరగక కాదు, నచ్చక, దాన్ని తొట్టెల అనేది.

"పుట్టినప్పుడు నేను తొట్టెల్ల ఏసి ఊపిన. ఇరవై ఆరేండ్లకు నీ అంతట నువ్వే మల్ల తొట్టెల్ల పడ్డవు" అంది. అని, కాలిన సర్వపిండి ముక్క విరిచి కూతురి చేతిలో పెట్టింది.

అప్పుడే రాజలింగం డాబా మీద నుంచి దిగి వచ్చాడు. ముప్పై నాలుగేళ్లు సూరత్‌లోని ఉధ్నా కార్ఖానాల్లో సాంచాల మధ్య నిలబడి గుడ్డ నేసిన మనిషి. ఆ మరమగ్గాల మోతకు చెవులు సగానికి పైగా పోయాయి. ఎవరైనా ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే పెదాల కదలికను బట్టి అర్థం చేసుకుంటాడు. వెనక నుంచి పిలిస్తే తెలియదు. ఇంట్లో ఆయన్ని పిలవాలంటే భుజం మీద తట్టడమే.

ఆ ముప్పై నాలుగేళ్లలో ఎక్కువ భాగం ఆయనది రాత్రి పాళీ. ఆయన పొద్దున ఏడింటికి ఇల్లు చేరేసరికి పద్మారాణి లేచి, చీరలకు లేసు కుట్టే పనిలో కూర్చునేది. ఇద్దరూ ఒకే మంచాన్ని వంతులవారీగా వాడుకున్నారు. ఆర్నెల్ల కింద సేఠ్ పాత సాంచాలు తీసేసి కొత్త మిషన్లు పెట్టాడు. రాత్రివాళ్లలో పెద్ద వయసు వాళ్లను పంపించేశాడు. అప్పటి నుంచి రాజలింగం ఇంట్లోనే ఉంటున్నాడు. రాత్రిళ్లు మాత్రం నిద్ర రాదు. పది గంటలకు పడుకోవడం, పదకొండుకు లేచి డాబా మీద పచార్లు చేయడం. డాక్టరు ఇచ్చిన బిళ్లలు వారం మింగి, తల దిమ్ముగా ఉంటోందని మానేశాడు.

సంధ్య తండ్రి ముందు నిలబడి, వీపు చూపిస్తూ గట్టిగా చెప్పింది. ఆయన విని, ఆమె స్లీపింగ్ బ్యాగ్‌ను నేల మీద పరిపించాడు. మోకాళ్ల మీద కూర్చుని దాన్ని పిడికిలితో అదిమాడు.

"ఇగో చూడు. ఒత్తకముందు నాలుగు వేళ్ల మందం. ఒత్తినంక ఏమన్న ఉన్నదా? మనిషి బరువు పడితే లోపలి దూది అణుగుతది. దూదిల గాలుంటేనే వెచ్చదనం. గాలి పోయినంక అది ఉత్త గుడ్డనే. నీ కింద ఉత్త గుడ్డ, దాని కింద అడవి గాలి."

"గదే గదా" అంది పద్మారాణి. "ఊర్ల నులకమంచం మీద పండుకుంటే మా అవ్వ సలికాలం పైన ఒకటి కప్పి, కింద రెండు పరిచేది. సలి కింది నుంచి వస్తదే పిచ్చిదానా అనేది."

"కింద పరిస్తే అది కూడ అణుగుతది కద అమ్మా."

"అయితే పరవొద్దు" అన్నాడు రాజలింగం, కూతురి పెదాలు చూసి. "తొట్టెలకు బయట నుంచి కట్టాలె. బరువు తొట్టెల మోస్తది. బొంత ఉత్తగ కింద ఏలాడుతది. అణగదు."

సంధ్య తల్లిని, తండ్రిని మార్చి మార్చి చూసింది. అలాంటివి బయట అమ్ముతారని ఆమెకు తెలుసు. కానీ తెప్పిస్తే వచ్చేసరికి చలికాలం అయిపోతుంది. ఆ మాట అనేలోపే పద్మారాణి మంచం కింది నుంచి బొంతల మూట లాగుతోంది.

పద్మారాణికి బొంతలు కుట్టడం పని కాదు, ఇష్టం. రింగ్ రోడ్ బట్టల మార్కెట్లలో మిగిలిపోయే చిందీ ముక్కలు ఎవరైనా తెచ్చిస్తే వాటిని రంగుల వారీగా పేర్చి, పాత చీరల మీద అతికి కుట్టేది. ఆ వీధిలో పుట్టిన పిల్లల్లో సగం మంది ఆమె బొంతల మీద పడుకున్నవాళ్లే. మొదట వాటిలో ఒకదానికే నాలుగు మూలలా తాళ్లు కుట్టింది. ఆ వారంలో ఒకరోజు తెల్లవారుజామున ముగ్గురూ డాబా ఎక్కారు. నీళ్ల ట్యాంకు ఇనుప స్తంభానికి ఒక కొన, మెట్ల గది కొక్కేనికి ఇంకో కొన కట్టి సంధ్య హామక్‌లో పడుకుంది.

సూరత్‌లో ఆ వేళకు ఉండే చలి చలే కాదు, ఫ్యాను ఆపుకునేంత మాత్రం. రాజలింగం కిందికి వెళ్లి టేబుల్ ఫ్యాను, పొడుగు వైరు తీసుకొచ్చాడు. ఫ్యానును నేల మీద వెల్లకిలా పెట్టి, గాలి సరిగ్గా కూతురి వీపు కిందికి కొట్టేలా తిప్పాడు.

"ఎట్లున్నది?" అని అడిగాడు.

"వద్దు బాపూ, బంద్ చెయ్యి. గడ్డకట్టుకపోతున్న."

పత్తి బొంత బరువుకు కిందికి జారిపోయింది. హామక్‌కూ బొంతకూ మధ్య జానెడు సందు. ఆ సందులోంచి గాలి ఈ చివరి నుంచి ఆ చివరికి పోతోంది. పద్మారాణి దాన్ని విప్పి భుజాన వేసుకుని కిందికి వెళ్లింది. ఆ రోజు లేసు పని ముట్టుకోలేదు.

రెండోది కుట్టడానికి ఐదు రోజులు పట్టింది. ఈసారి గొడుగు గుడ్డలాంటి పల్చటి నైలాను తీసుకుంది. రెండు పొరల మధ్య తేలికైన పాలిస్టర్ దూది పరిచి, అది ఒకచోటికి జరగకుండా అక్కడక్కడ మాత్రమే కుట్టు వేసింది. దగ్గర దగ్గరగా కుట్టబోతే రాజలింగం ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "గన్ని కుట్లేస్తే నువ్వే అణగగొట్టినట్టు" అన్నాడు. రెండు కొనలూ లంగా నాడాతో కుచ్చెత్తి బిగించుకునేలా పెట్టింది. పక్కలకు ఎలాస్టిక్ వేసింది.

మళ్లీ డాబా ఎక్కారు. సంధ్య హామక్‌లో ఐమూలగా పడుకుంది. అలా పడుకుంటే నడుము వంగకుండా ఒళ్లు చదునుగా ఉంటుంది. పద్మారాణి చాప వేసుకుని సరిగ్గా కూతురి కింద వెల్లకిలా పడుకుంది. బొంతకూ హామక్‌కూ మధ్య చెయ్యి పెట్టి, భుజాల దగ్గర నుంచి మడమల దాకా తడుముతూ పోయింది. సందు తగిలిన చోటల్లా పైకి చెప్పేది. రాజలింగం తాడు బిగించేవాడు. మరీ బిగిస్తే దూది అణుగుతుంది, వదులు చేస్తే గాలి దూరుతుంది. బొంత వీపును అంటీ అంటనట్టు ఉండాలి.

"నడుము కాడ సందున్నది. జర గుంజు. ఆ, చాలు. బిడ్డా, ఇప్పుడు నా చెయ్యి తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నది."

"ఎట్ల తెలుస్తున్నది? ఒత్తినట్టా, ఉత్తగ ఆనినట్టా?"

"ఆనినట్టు."

"ఇగ ఫ్యాను ఎయ్యమను."

ఫ్యాను వేశారు. పావుగంట గడిచింది. డాబా కింద పాలబండ్లు తిరగడం మొదలైంది. సంధ్య ఏమీ మాట్లాడటం లేదని పద్మారాణి చాప మీద నుంచి లేచి చూసింది. కూతురు నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది. రాజలింగం ఫ్యాను ఆపబోతే పద్మారాణి వద్దని సైగ చేసింది. ఆసుపత్రికి టైమయ్యేదాకా ఇద్దరూ పిట్టగోడ మీద కూర్చుని చూస్తూ ఉన్నారు.

సంధ్య ఆ బొంత ఫోటో ఆసుపత్రి వాళ్ల వాట్సాప్ గుంపులో పెట్టింది. తమకూ కావాలని దాదాపు అందరూ అడిగారు. జనవరి రెండో వారం ప్రయాణం నాటికి పద్మారాణి తొమ్మిది కుట్టింది. ఎనిమిదిమందికీ ఎనిమిది. తొమ్మిదోది ఎందుకని సంధ్య అడిగితే, "నేను కుట్టిన, అది పనిచేస్తదో లేదో నేనే వచ్చి పండుకుంట" అంది. "మీ బాపు కూడ వస్తడు. ఎట్లాగూ నిద్రపోడు, ఈడ మేల్కొనే బదులు ఆడ మేల్కుంటడు."

గుంపులో ఒక్కరే బొంత వద్దన్నారు. డాక్టర్ కిశోర్. అదే ఆసుపత్రిలో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. రాజమండ్రి మనిషి. ముప్పై నాలుగేళ్లుంటాయి, పెళ్లి కాలేదు. సూరత్ వచ్చి ఏడాదైంది, అడాజన్‌లో ఒక్కడే ఉంటాడు. తెల్లవారుజామున ఉధ్నాలో టెంపో ఎక్కుతున్నప్పుడు పద్మారాణి అతని చేతికి బొంత మూట అందిస్తే, రెండు చేతులూ జోడించాడు.

"వద్దండీ ఆంటీ. ఏమీ అనుకోకండి. నాది మంచు కొండల మీద వాడే స్లీపింగ్ బ్యాగ్. సున్నా కంటే కిందికెళ్లినా ఏం కాదు. ఇది ఇంకెవరికైనా ఇవ్వండి."

"అట్లనే సారూ" అని పద్మారాణి మూట వెనక్కి తీసుకుంది. ఆ మూటే రాజలింగానికి దక్కింది.

బార్డోలీ, వ్యారా దాటాక చెరకు తోటలు పోయి టేకు అడవి మొదలైంది. ఆకులు సగం రాలి ఉన్నాయి. మధ్యాహ్నానికి పూర్ణా నది ఒడ్డున అటవీ శాఖ వాళ్లు చూపించిన చోటుకు చేరారు. నిప్పు పెట్టుకోవడానికి రాళ్లతో కట్టిన గుంట ఒకటి ఉంది. సంధ్య అందరినీ నదికి దూరంగా, గట్టు మీద చెట్లకు కట్టుకోమంది. రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లానికి దిగి, నది ఒడ్డునే నిలుస్తుందని చెప్పింది. కిశోర్‌కు మాత్రం నీళ్లు కనిపించే చోటు కావాలి. పొద్దున కళ్లు తెరవగానే నది చూడాలని ఇంత దూరం వచ్చానన్నాడు. సంధ్య రెండుసార్లు చెప్పి ఊరుకుంది. అతను పల్లంలో, మిగతావాళ్లకు అరవై అడుగుల దూరంలో రెండు చెట్లు చూసుకున్నాడు.

చీకటి పడేముందు కిశోర్ సీసాలో నీళ్లు నింపబోయి, పాచి రాయి మీద జారి నడుము దాకా నదిలో పడ్డాడు. ఎవరూ చూడలేదు. బొంత వద్దని, చోటు విషయంలోనూ మాట వినక, చివరికి నీళ్లలో కూడా పడ్డానని చెప్పుకోవడానికి అతనికి సిగ్గేసింది. ప్యాంటు మార్చుకున్నాడు. లోపల వేసుకునే వేడి బట్టలు మాత్రం ఒక్క జతే తెచ్చుకున్నాడు. తడిగా ఉన్నా ఒంటి వేడికి ఆరిపోతాయనుకుని వాటినే ఉంచుకున్నాడు. అన్నం తిని, అలసిపోయానంటూ అందరికంటే ముందు వెళ్లి పడుకున్నాడు.

పద్మారాణి హామక్ ఎక్కడం ఒక పెద్ద పని అయింది. మొదటిసారి అటువైపు దొర్లి కింద పడింది. ఎండుటాకుల మీద పడటం వల్ల దెబ్బ తగల్లేదు. ఆమె లేవకుండా అక్కడే కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. రాజలింగం చీర అంచు తీసి ఆమె చేతికిచ్చి, ముందు నడుము ఆనించి తర్వాత కాళ్లు తియ్యమన్నాడు. ఎక్కాక సంధ్య వచ్చి తల్లికి ఉన్ని టోపీ పెట్టింది. పొడి మేజోళ్లు తొడిగింది. మరిగిన నీళ్లు పోసిన స్టీలు సీసాను మేజోడులో దూర్చి పాదాల దగ్గర పెట్టింది. పడుకునేముందు పల్లీపట్టీ తినిపించింది. కడుపులో ఏదైనా ఉంటేనే ఒళ్లు వేడి పుట్టిస్తుందని చెప్పింది. తర్వాత కింద చెయ్యి పెట్టి బొంత సందులు చూసింది.

"ఎట్లున్నదమ్మా?"

"నా బొంతే గని నాకే కొత్తగున్నది. ఇగ నువ్వు పోయి పండుకో."

రాజలింగం హామక్ పక్కనే ఉంది. రెండింటి తాళ్లూ ఒకే టేకు చెట్టుకు కట్టి ఉన్నాయి. చీకట్లో ఆయనకు పెదాలు కనిపించవు, మాట వినిపించదు. అందుకని పద్మారాణి చెయ్యి చాపి ఆయన తాడు పట్టుకుని రెండుసార్లు లాగింది. ఆయన ఇటు తిరిగి ఫోను వెలుగు తన మొహం మీద వేసుకున్నాడు, తర్వాత ఆమె మొహం మీద వేశాడు.

"వెచ్చగున్నదా?" అని ఆమె పెదాలతో అడిగింది.

"మస్తున్నది. నీకు?"

"నాకూ. ఒక్క మాట అడుగుత. పెండ్లయి ముప్పై ఏండ్లాయె. మనం ఎప్పుడన్న గిట్ల బయటికొచ్చి పండుకున్నమా?"

"ఊర్ల జాతరకు పోయినప్పుడు, ఎడ్లబండి కింద."

"అప్పుడు నీతోని మీ అమ్మ గూడ ఉన్నది."

ఆయన నవ్వి వెలుగు ఆర్పేశాడు.

ఎప్పటిలాగే ఆయనకు నిద్ర పట్టలేదు. వెచ్చగా ఉండటం వల్ల బాధేమీ అనిపించలేదు. ఆకుల సందుల్లోంచి చుక్కలు చూస్తూ చాలాసేపు పడుకున్నాడు. తర్వాత మెల్లగా దిగి, షాలు కప్పుకుని నిప్పుగుంట దగ్గరికి వెళ్లాడు. కట్టెలు ఎగదోసి, గిన్నెలో నీళ్లు పెట్టాడు. ఎవరికైనా అవసరమైతే సీసాల్లో మళ్లీ వేడినీళ్లు పోయొచ్చని ఆయన ఆలోచన.

కూర్చుని కూర్చుని, లేచి ఒక చుట్టు తిరిగాడు. కార్ఖానాలో ఎనిమిది సాంచాలు ఆయన చూసుకునేవాడు. గంటల తరబడి వాటి మధ్య తిరుగుతూ, ఎక్కడ పోగు తెగిందో ఎక్కడ నూలు కండె అయిపోయిందో చూడటమే పని. ఆ మోతలో చెవులతో తెలిసేదేమీ ఉండదు. సాంచ మీద చెయ్యి వేస్తే ఆ అదురును బట్టి అది బాగుందో లేదో తెలిసేది. ఇక్కడా ఒక్కొక్క హామక్ దగ్గర ఆగి, తాడు మీద అరచెయ్యి ఆనించాడు. ముడులు జారలేదు కదా అని చూడటానికి. లోపలివాళ్లు ఊపిరి పీల్చినప్పుడు తాడు కొద్దిగా బిగిసి వదులవుతోంది. కూతురి తాడు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆమె గాఢనిద్రలో ఉంది.

అందరి తాళ్లూ అయ్యాక పల్లంలో ఉన్న డాక్టరు గుర్తొచ్చాడు. దిగుతుంటేనే చలి మారిపోయింది. గట్టు మీద లేని చెమ్మ ఇక్కడ మోకాళ్లకు తగులుతోంది. కిశోర్ తాడు మీద చెయ్యి వేశాడు.

తాడు అదురుతోంది. పక్కకు తిరిగినప్పుడు వచ్చే కదలిక కాదు. చిన్నగా, ఆగకుండా, సాంచ నడుస్తున్నప్పుడు దాని చట్రం అదిరినట్టు. రాజలింగం ఫోను వెలుగు వేసి చూశాడు. కిశోర్ కళ్లు తెరిచే ఉన్నాడు. జిప్పు తీయాలని వేళ్లతో వెతుకుతున్నాడు కానీ అది దొరకడం లేదు. దవడలు కొట్టుకుంటున్నాయి. ఏదో అంటున్నాడు, కానీ పెదాలు మాటల ఆకారంలో కదలడం లేదు. ముప్పై నాలుగేళ్లుగా పెదాలు చదివిన మనిషికి అది తేడాగా కనిపించింది. చెంప మీద చెయ్యి పెట్టాడు. తర్వాత సంచిలోకి చెయ్యి పోనిచ్చాడు. లోపల బట్టలు తడిగా ఉన్నాయి.

ఆయన గట్టెక్కి వచ్చి భార్య తాడు, కూతురి తాడు గట్టిగా లాగి, డాక్టరు తడి బట్టల్లో వణికిపోతున్నాడని చెప్పాడు.

సంధ్య పరుగెత్తింది. "సార్, మీ పేరు చెప్పండి" అని అడిగింది. కిశోర్ "నాకేం కాలేదు" అనబోయాడు. ఆ మాట ముద్దగా, తాగినవాడి మాటలా వచ్చింది. రాజలింగం, సంధ్య చెరో వైపు పట్టుకుని అతన్ని నడిపించి నిప్పు దగ్గరికి తెచ్చారు. తడి బట్టలు విప్పి, రాజలింగం పొడి స్వెటరు తొడిగి, పంచె కట్టి, పద్మారాణి శాలువా చుట్టారు. పద్మారాణి తన హామక్ కింది బొంత, భర్త హామక్ కింది బొంత రెండూ విప్పుకొచ్చింది. ఎండుటాకులు మందంగా పోగేసి, వాటి మీద ఒక బొంత పరిచి అతన్ని కూర్చోబెట్టి, ఇంకోటి భుజాల చుట్టూ కప్పింది.

రాజలింగం అతని కాళ్లు పట్టుకుని రుద్దబోయాడు. సంధ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"రుద్దొద్దు బాపూ. కాళ్లు చేతులు తర్వాత. ముందు ఛాతీ వెచ్చగ కావాలె."

వేడినీళ్ల సీసాలు మేజోళ్లలో దూర్చి చంకల కింద పెట్టింది. నీళ్లు మరుగుతూనే ఉండటం వల్ల ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు. అతను మింగగలుగుతున్నాడని చూసుకున్నాక బెల్లం కలిపిన వేడినీళ్లు గ్లాసులో పోసి తల్లికిచ్చింది. పద్మారాణి అతని వెనక కూర్చుని, తన ఒంటికి ఆనించుకుని, గ్లాసు పెదాలకు పెట్టింది.

"కొంచెం కొంచెం తాగు కొడుకా. తొందరేం లేదు. ఆ, ఇంకింత."

తన నోట 'సారు' కాస్తా 'కొడుకా' అయిన సంగతి ఆమెకు తెలియలేదు. కిశోర్‌కు తెలిసినా ఏమైనా అనే స్థితిలో లేడు.

అరగంటకు వణుకు తగ్గుతూ వచ్చింది. గంట గడిచేసరికి మాట తేటపడింది. అతను మొదట అన్న మాట, "ఆంటీ, మీకు చలేస్తుంది. మీ బొంత మీరు తీసుకోండి" అని.

"నాకు నిప్పున్నది" అంది పద్మారాణి.

అప్పుడు అతను నదిలో పడిన సంగతి చెప్పాడు. సంధ్యకు కోపం వచ్చింది. ఆసుపత్రిలో అతను పెద్ద డాక్టరు, తను అతన్ని సార్ అని పిలిచే మనిషి. అయినా ఊరుకోలేదు.

"సార్, పేషంట్లు మీ దగ్గర దాచిపెడితే మీరేమంటరు? నాకు చెప్పి ఉంటే ఒక్క నిమిషం పని. నా దగ్గర రెండు జతలున్నయి పొడి బట్టలు."

"తప్పే సంధ్యా. సిగ్గేసింది."

"బాపు చూడకపోతే ఏమయ్యేది?"

ఏమయ్యేదో అక్కడున్న అందరికంటే కిశోర్‌కే బాగా తెలుసు. నిప్పు అవతల కట్టెలు సర్దుతున్న రాజలింగం వైపు చూశాడు. ఆయనకు ఈ మాటలేవీ వినిపించడం లేదు. కిశోర్ లేచి, శాలువాతోనే వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాడు. పెదాలు కనిపించేలా మొహం నిప్పు వైపు పెట్టి నిదానంగా అడిగాడు.

"అంకుల్, నేను పిలవలేదు కదా. మీకెలా తెలిసింది?"

రాజలింగం అరచెయ్యి చాచి చూపించాడు. "తాడు చెప్పింది" అన్నాడు. "నువ్వు పండుకో సారూ. నేనుంట."

కిశోర్‌ను సంధ్య హామక్‌లో పడుకోబెట్టారు. సంధ్య తల్లి పక్కన నిప్పు దగ్గరే కూర్చుంది. ఇద్దరూ ఒక బొంత కిందికి చేరారు. కాసేపటికి కూతురి తల తల్లి ఒళ్లోకి వాలింది. పద్మారాణి కూడా కూర్చున్న చోటే కునికింది. రాజలింగం తెల్లవారేదాకా గంటకోసారి లేచి కిశోర్ తాడు మీద చెయ్యి వేసి వచ్చాడు. మూడోసారి వెళ్లినప్పుడు తాడు నెమ్మదిగా బిగుస్తూ వదులవుతూ ఉంది.

పొద్దున మిగతావాళ్లు లేచి సంగతి విని కలవరపడ్డారు. ఒకతను రాజలింగానికి దండం పెడితే ఆయన ఇబ్బంది పడి, చాయ్‌కి నీళ్లు తెస్తానని నది వైపు వెళ్లిపోయాడు. పద్మారాణి సర్వపిండి డబ్బా తీసి అందరికీ పంచింది. గుజరాతీ పిల్లలు తమ థేప్లా రొట్టెలా ఉందని ఒకరు, కాదని ఒకరు వాదించుకున్నారు. కిశోర్ నాలుగు ముక్కలు తిన్నాడు. తన హామక్ విప్పి, తడి బట్టలు ఎండేసి, తర్వాత పద్మారాణి దగ్గరికి వచ్చి బొంతను తిప్పి తిప్పి చూశాడు. కుట్లు ఎందుకు దూరదూరంగా ఉన్నాయని అడిగాడు. ఆమె చెప్పింది. అతను తలూపి, "నాకూ ఒకటి కావాలండీ. ముందు వద్దన్నాను, ఇప్పుడు ఏ మొహంతో అడగాలో తెలియట్లేదు" అన్నాడు.

"ఉన్న మొహంతోనే అడుగు. నీకేం రంగు కావాలె?"

సాయంత్రానికి ఉధ్నా చేరారు. టెంపో వీధి మొగదల ఆగితే, కిశోర్ దిగి వాళ్ల సామాను రెండు చేతుల్లో పట్టుకుని మూడంతస్తులూ ఎక్కాడు. పద్మారాణి అతన్ని గడప దగ్గర నుంచే వెళ్లనివ్వలేదు. స్టవ్ వెలిగించి అన్నం పెట్టింది. పచ్చిపులుసు కలిపింది, కోడిగుడ్లు పొరటింది. ఇల్లు ఒకటే గది కావడంతో అతను మంచం కోడుకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. రాజలింగం పక్కన కూర్చుని తన కంచంలోని ఉల్లిపాయ అతనికి తుంచి పెట్టాడు.

తింటుండగా కిశోర్ ఫోను మోగింది. రాజమండ్రి నుంచి వాళ్లమ్మ. రెండు రోజులుగా ఫోను కలవలేదని ఆమె గొంతు గది అంతా వినిపించేంత గట్టిగా ఉంది. కిశోర్ నిజం దాచలేదు. నదిలో పడ్డానని, రాత్రి చలికి ఒళ్లు బిగుసుకుపోయిందని, ఒకాయన చూసి కాపాడారని, ఇప్పుడు వాళ్లింట్లోనే అన్నం తింటున్నానని చెప్పాడు. ఆమె, ఫోను ఆ ఇంటావిడకి ఇవ్వమని అడిగింది.

పద్మారాణి చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది. పెద్ద డాక్టరు తల్లితో ఎలా మాట్లాడాలో తెలియక ముందు "నమస్తే అమ్మా" అంది.

"నమస్కారం అండి. మీ పేరేంటండి?"

"పద్మారాణి."

"పద్మారాణి గారూ, వీడు చిన్నప్పట్నుంచీ అంతేనండి. కాలు బెణికినా చెప్పడు, జ్వరం వచ్చినా చెప్పడు. మీవారికి నా తరఫున దండం పెట్టండి. ఏం చెప్పాలో నాకు నోట మాట రావట్లేదు."

"గంత మాటెందుకమ్మా. మీ పిలగాడైతేంది, మా పిలగాడైతేంది. ఇప్పుడు మంచిగున్నడు. మొకం ఎర్రగ నిగనిగలాడుతున్నది."

"అన్నం తింటున్నాడా అండి? సరిగ్గా తింటున్నాడా, లేకపోతే మొహమాటపడుతున్నాడా?"

పద్మారాణి కిశోర్ కంచం వైపు చూసింది. అడుగున నాలుగు మెతుకులు మాత్రం ఉన్నాయి. ఆమె ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గిన్నె దగ్గరికి లాక్కుంది.

"మొదట జర మొహమాటపడ్డడు" అంది. "ఇప్పుడు రెండోసారి ఏస్తున్న."